మధ్యరకం చెయ్యి

పేకముక్క ముట్టినవాడు నా భోజనాల బల్ల దగ్గర కూర్చోవడానికి వీల్లేదని ఇరవై రెండేళ్ళ కిందట మా ఇంట్లో శాసనం చేసినదాన్ని నేను. అలాంటిదాన్ని, యాభై తొమ్మిదో ఏట, చెవి వెనక మిరియపు గింజంత పూస పెట్టించుకుని, కాకినాడ జగన్నాథపురంలో ఒక పరిశోధన కేంద్రం గదిలో, చేతిలో రెండు తొమ్మిదులు పట్టుకుని కూర్చున్నాను. ఆ శాసనం ఎవరి కోసం చేశానో వాడే నా ఎదురుగా ఉన్నాడు. మా మరిది పేర్రాజు. నుదుటికి నల్ల పట్టీ, పట్టీకి తీగలు, మొహాన మాత్రం పెళ్ళికొచ్చినవాడి నవ్వు.

మా ఇద్దరి మధ్య బల్ల మీద ఐదు ముక్కలు తెరిచి ఉన్నాయి. రాణి, జాకీ, ఏడు, నాలుగు, రెండు. నా చేతిలో రెండు ముక్కలు, వాడి చేతిలో రెండు. బల్ల మీదవి కలుపుకుని ఎవరి చెయ్యి పెద్దదైతే వాళ్ళది గెలుపు. పందేనికి చెరో గుప్పెడు చింతగింజలు.

"ఎలా అనిపిస్తోందమ్మా?" అంది డాక్టర్ నఫీసా. ఆ పూస కనిపెట్టిన పిల్ల ఆవిడే. ముప్పై నాలుగేళ్ళుంటాయి. తినడం మర్చిపోయే రకం.

"ఏమీ అనిపించడం లేదు తల్లీ. గింజలు తోసినా ఒకటే, తొయ్యకపోయినా ఒకటే."

పేర్రాజు గొంతు సవరించుకున్నాడు. "అదేనండి వదినగారూ. పెద్ద చెయ్యి పడితే ఆలోచనక్కర్లేదండి, గింజలు ముందుకి తోసెయ్యడమే. చెత్త పడితే ముక్కలు పారేసి టీ తాగడమే. ఈ మధ్యరకం చెయ్యి ఉంది చూశారూ, అదండీ మనిషిని తినేది. బెట్ కట్టామనుకోండి, మనకంటే చిన్న ముక్కలున్నవాడు దణ్ణం పెట్టి తప్పుకుంటాడు. పెద్ద ముక్కలున్నవాడే మిగుల్తాడు. పోనీ చెక్ అని బల్ల మీద రెండుసార్లు తట్టి ఊరుకున్నామా, రావాల్సింది రాకుండా పోవచ్చు. లెక్క కడితే రెండూ సమానమేనండి."

"మరి నువ్వెలా తేలుస్తావు?"

"మనసు పీకుద్దండి."

అంత మాట అనేసి, ఏదో తప్పు మాట్లాడినట్టు తల దించుకున్నాడు. ఎందుకంటే నాకు పోయింది సరిగ్గా అదే. ఏడాది కిందట తలలో గడ్డ తీశారు. ప్రాణం నిలబెట్టిన ఆ డాక్టరు చేతులకి నేను ఇప్పటికీ రోజూ పొద్దున్నే దణ్ణం పెట్టుకుంటాను. కానీ గడ్డతో పాటు మనసు పీకే చోటు కూడా కాస్త వెళ్ళిపోయింది.

అదేమిటో నాకూ మొదట్లో అర్థం కాలేదు. భానుగుడి దగ్గర పదిహేడేళ్ళుగా కర్రీ పాయింట్ నడిపినదాన్ని. పొద్దున్న ఆరింటికి ఆకాశం వంక ఒక్క చూపు చూసి, ఈ వేళ పప్పు తగ్గించండి, పులుసు పెంచండి అని చెప్పేదాన్ని. మధ్యాహ్నం రెండింటికి గిన్నెలన్నీ ఖాళీ. అలాంటిది ఆసుపత్రి నుంచి వచ్చిన పదో రోజున రైతు బజారుకెళ్ళి రెండు వంకాయ గుట్టల ముందు నిలబడ్డాను. ఒకటి నీలం వంకాయలు, ఒకటి తెల్లవి. రెండూ లేతవే, రెండూ బాగున్నాయి. నీలం తీసుకుందామనుకుంటాను, తెల్లవాటికేం తక్కువ అనిపిస్తుంది. తెల్లవి తీసుకుందామనుకుంటాను, మళ్ళీ మొదటికి. గంటన్నర అలాగే నిలబడ్డాను.

"అమ్మగారూ, ఏదో ఒకటి తీసుకోండి తల్లీ, నేను అన్నానికెళ్ళాల" అంది అమ్మే ఆవిడ. నేను భోరుమని ఏడ్చాను. వంకాయల ముందు నిలబడి ఏడ్చిన మనిషిని మీరెవరైనా చూశారా? మా అమ్మాయి హైమ వచ్చి స్కూటర్ మీద ఎక్కించుకుని తీసుకెళ్ళింది. స్కూటర్ ఎక్కేటప్పుడు ఏ కాలు ముందు పెట్టాలో తెలియక అక్కడ ఇంకో ఐదు నిమిషాలు.

కర్రీ పాయింట్ మూతపడింది. పదిహేడేళ్ళు నా దగ్గర కూరలు తరిగిన రమణమ్మ ఇంకో హోటల్లో చేరింది. చీర కట్టుకోవడానికి నాకు పదిన్నర అయ్యేది. హైమ రోజూ ఒకే రంగు చీరలు మూడు తెచ్చి పడేసి, "ఇంక నీకు తేడా లేదు, ఏదో ఒకటి చుట్టుకో అమ్మా" అని కళ్ళు తుడుచుకుంటూ కాలేజీకి పాఠం చెప్పడానికి వెళ్ళేది. మా ఆయన పోయి ఆరేళ్ళు. ఆయనుంటే ఒకటి తీసి చేతికిచ్చేవారు.

నఫీసా దగ్గరికి హైమే తీసుకెళ్ళింది. ఆ పిల్ల నా ముందు రెండు పెన్నులు పెట్టి, ఒకటి తీసుకోండమ్మా అంది. రెండూ ఒకే రకం. భోజనాల వేళ దాకా చూస్తూ కూర్చున్నాను.

"మీ బుర్రకి ఏ లోటూ లేదమ్మా" అంది ఆఖరికి. "లెక్కలన్నీ సరిగ్గానే కడుతోంది. లెక్క సమానంగా వచ్చినప్పుడు ఏదో ఒక పక్కకి తోసే వేలు ఒకటుంటుంది లోపల. గుండె కాస్త గుబుక్కుమంటుంది, పొట్టలో కాస్త బిగుస్తుంది, మనిషి కదుల్తాడు. మీకు ఆ వేలు పోయింది. నేను పెట్టే పూస దాన్ని మళ్ళీ నేర్చుకోగలదు. అయితే ఇంకొకరి దగ్గర నేర్చుకోవాలి."

ఆ ఇంకొకరు ఎలాంటివాళ్ళు కావాలో కూడా చెప్పింది. తెగని సంగతులు రోజూ తెంచుకునే అలవాటున్న మనిషి కావాలి. అతని ముఖం నాకు కొన్నేళ్ళుగా తెలిసి ఉండాలి, ఎందుకంటే ముఖం చూస్తూ ఉంటేనే పూస అందుకుంటుందట.

హైమ ఒక్క నిమిషం కూడా ఆలోచించలేదు. "మా బాబాయ్ ఉన్నాడు" అంది.

పేర్రాజు పోర్టులో టాలీ గుమస్తాగా పనిచేసి ముందుగానే రిటైర్మెంట్ తీసుకున్నాడు. ఓడలోంచి దిగే బస్తాలు రాసుకోవడం పని. సరుకు దిగడం ఆలస్యమైనప్పుడల్లా ఫిలిప్పీన్ నావికుల దగ్గర పోకర్ నేర్చుకున్నాడు. వాళ్ళు వీణ్ణి ఓడెక్కమని బతిమాలేవారట, ఆటకి తోడుంటావని. నేను కాపురానికొచ్చినప్పుడు వీడికి పధ్నాలుగేళ్ళు, నా చేతి అన్నం తిని పెరిగాడు. ఆ శాసనం తర్వాత జగన్నాథపురంలోనే ఒక గది తీసుకుని ఒక్కడే ఉండిపోయాడు. మా ఆయన బతికున్నన్నాళ్ళూ రోజూ ఒక కూర పొట్లం చొక్కా చాటున పెట్టి తమ్ముడికి పట్టుకెళ్ళేవారు. నాకు తెలియదనుకునేవారు. ఆ పొట్లం నేనే కట్టి, ఆయన చేతికి అందేచోట పెట్టేదాన్ని. అదీ మా సంబంధం.

హైమ వెళ్ళి అడగగానే "ఆయ్, పదమ్మా" అని చెప్పులేసుకున్నాడట. చొక్కా కూడా మార్చుకోలేదు.

నఫీసా ముందే చెప్పింది, దాచలేదు. పట్టీ పేర్రాజు మనసు పీకినప్పుడల్లా దాన్ని పట్టుకుని నా పూసకి పంపుతుంది. పట్టుకున్నప్పుడు అక్కడ కొంచెం తరుగుతుంది. మళ్ళీ ఊరుతుందని తన నమ్మకం, కానీ ఇంతవరకూ మనుషుల మీద చూసింది లేదు.

"పెరుక్కి తోడు ఇవ్వడం లాంటిదేగదండీ" అన్నాడు పేర్రాజు నవ్వుతూ. "పక్కింటావిడకి ఒక చెంచా తోడిస్తే మన గిన్నె తరిగిపోద్దా ఏంటి?" సంతకం పెట్టేశాడు.

వారానికి మూడు రోజులు, పొద్దున్న తొమ్మిది నుంచి పన్నెండు. ముక్కలు యంత్రమే పంచేది, మధ్యరకం చేతులు ఎక్కువగా పడేటట్టు. నేను వాడి ముఖం చూడాలి. వాడు తన ముక్కలు చూసుకోవాలి, ఆగాలి, తేల్చుకోవాలి. మొదటి మూడు వారాలు ఏమీ లేదు. నేను గోడని చూస్తే ఎంతో వాణ్ణి చూసినా అంతే.

నాలుగో వారం మంగళవారం. నా చేతిలో పదులు రెండు, బల్ల మీద ఆసు. పేర్రాజు తన ముక్కల వంక చూసి, కనురెప్పలు కొంచెం దించి, వేలితో బల్ల మీద రెండుసార్లు తట్టాడు. చెక్. అప్పుడు నా పొట్టలో, బొడ్డు పైన, ఎవరో లోపలి నుంచి కొంగు పట్టుకుని లాగినట్టు అయింది. నేను కూడా బల్ల తట్టేశాను. తట్టేశాక గానీ తెలియలేదు నాకు, నేనొక నిర్ణయం తీసుకున్నానని.

"అమ్మా!" అని నఫీసా కుర్చీలోంచి లేచింది.

"పీకింది" అన్నాను. "పేర్రాజూ, పీకిందిరా నాయనా!"

వాడు పట్టీ తీగలతో సహా లేచి నిలబడి చేతులు జోడించాడు. ఎవరికో నాకు తెలియదు. ఇంటికెళ్ళేటప్పుడు దారిలో ఆటో ఆపించి వంకాయలు కొన్నాను. నీలంవి. అర నిమిషం పట్టింది. ఆ రాత్రి ఆ కూర తిని హైమ ఏడ్చింది, ఉప్పు ఎక్కువైందని మాత్రం చెప్పలేదు.

రెండు నెలలయ్యేసరికి కర్రీ పాయింట్ తలుపులు తెరిచాను. రమణమ్మ ఆ హోటలు మానేసి పరిగెత్తుకుంటూ వచ్చింది. మళ్ళీ ఆకాశం వంక చూస్తున్నాను, మళ్ళీ పులుసు పెంచమంటున్నాను. ఒక్కొక్కసారి తేడా వచ్చి పప్పు మిగిలిపోయేది. పోనీలే, మిగిలిన పప్పు చూస్తే కూడా నాకు సంతోషంగానే ఉండేది. అది నేను తప్పుగా తేల్చిన పప్పు. తేల్చడం అంటూ జరిగింది కదా.

ఒకరోజు రమణమ్మ తొమ్మిదింటికి వచ్చింది, ఏడింటికి రావాల్సినది. బస్సు చెడిపోయిందంది. ఆ మాట నిజమూ కావచ్చు, అబద్ధమూ కావచ్చు. పాతరోజుల్లో అయితే ఆవిడ బస్సెక్కిన చోటు నుంచి పుట్టిన ఊరు దాకా ఏకి పెట్టేదాన్ని. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు, నాకు ఊరెప్పుడూ మంచిది కాలేదు. ఆ రోజు నోరు తెరవబోయాను. పొట్టలో కొంగు లాగినట్టయింది. "సర్లే, ఆ ఉల్లిపాయలు చూడు" అన్నాను. రమణమ్మ కత్తిపీట దగ్గర కూర్చుని నన్ను అలా చూస్తూనే ఉంది.

"ఏమైందమ్మా నీకు? ఈ మధ్య ఎవర్నీ ఏమీ అనడం లేదు" అంది హైమ. గడ్డతో పాటు తిట్లు కూడా తీసేశారేమోలే అన్నాను.

ఇదంతా బాగుంది. బాగా లేనిదేమిటంటే, నేను పేర్రాజుని చూడటం మానేశాను. వాడి ముఖం చూస్తూ కూర్చున్నాను గానీ వాణ్ణి చూడలేదు. నాకు నా వేలు తిరిగొస్తోందన్న సంబరంలో ఉన్నాను.

శ్రావణమాసం. ఆకాశం సగం మబ్బు, సగం ఎండ. పదకొండింటికి దుకాణం ముందు వీధి చివర పేర్రాజు కనిపించాడు. తన వంతు కూర పొట్లం తీసుకెళ్ళడానికి వస్తున్నాడు. ఇప్పుడు చొక్కా చాటు అక్కర్లేదు, నేనే చేతికిస్తున్నాను. వీధి మలుపులో ఆగాడు. చేతిలో గొడుగు తెరిచాడు. పైకి చూసి మూశాడు. రెండడుగులు వేసి మళ్ళీ తెరిచాడు. జనం పక్క నుంచి వెళ్ళిపోతున్నారు. నేను గరిటె పట్టుకుని చూస్తున్నాను. తెరుస్తాడు, మూస్తాడు. నాలుగు చినుకులు పడి ఆగిపోయాయి. వాడు ఇంకా అక్కడే ఉన్నాడు, సగం తెరిచిన గొడుగు పట్టుకుని, దాన్ని చూస్తూ.

నా వంకాయల గుట్టలు గుర్తొచ్చాయి. గరిటె చేతిలోంచి జారింది.

వెళ్ళి వాడి చేతిలోంచి గొడుగు లాక్కుని మూసేశాను. "ఎన్నాళ్ళ నుంచి ఇలా?"

"ఏం లేదండి వదినగారూ, వానొస్తదేమోనని..."

"పేర్రాజూ!"

తల దించుకున్నాడు. "ఓ నెలయ్యిందండి. క్లబ్బులో కూర్చోవడం మానేశానండి, చెయ్యి తేలట్లేదని. టీ కొట్టు దగ్గర కూడా బిస్కట్టా బన్నా అని తేలక ఉత్త టీ తాగొచ్చేస్తన్నాను. ఏముందిలెండి, ఒంటిగాణ్ణి, నాకేం పెద్ద పనులున్నాయండీ తేల్చుకోడానికి."

ఒంటిగాణ్ణి అన్న మాట నా గుండెల్లో దిగింది. ఎందుకు దిగిందో చెప్తాను, ఇప్పుడు కాకపోతే ఇంకెప్పుడూ చెప్పలేను.

ఇరవై రెండేళ్ళ కిందట సామర్లకోట నుంచి ఒక సంబంధం వచ్చింది వాడికి. పిల్ల టైపు నేర్చుకుంది, చక్కగా పాడుతుంది. వీడికి ముప్పై ఒకటి, పోర్టులో ఉద్యోగం పర్మనెంట్ అయింది. ఆరా తీయడానికి పిల్ల మేనమామ మా ఇంటికొచ్చాడు. కాఫీ ఇచ్చాను. "అబ్బాయి అలవాట్లు ఎలాంటివమ్మా?" అని నన్నే అడిగాడు, ఇంటి కోడలు అబద్ధం చెప్పదని. వీడు ఆదివారాలు క్లబ్బుకెళ్ళేవాడు. ఇంటికి ఏనాడూ లోటు చెయ్యలేదు. ముందు ముందు పాడైపోతాడేమో, పోడేమో, రెండింటికీ నా దగ్గర సగం సగమే ఉంది ఆధారం. మంచివాడేనండి అంటే సరిపోయేది. నాకేం తెలుసండి అని లోపలికి వెళ్ళిపోయినా సరిపోయేది. నేను చెప్పాను: "పేకాడతాడండి. రేపెలా ఉంటాడో నేను చెప్పలేను." కాఫీ సగంలో పెట్టి వెళ్ళిపోయాడాయన. ఆ మాట సామర్లకోట నుంచి పిఠాపురం దాకా పాకింది. ఇంకో సంబంధం రాలేదు. నేను చేసింది సరైనదేనని నాకు నేను చెప్పుకోవడానికి, అదే వారం భోజనాల బల్ల శాసనం కూడా చేశాను.

మర్నాడు పొద్దున్నే పేర్రాజుని వెంటబెట్టుకుని నఫీసా దగ్గరికెళ్ళాను. గొడుగు సంగతి విని ఆ పిల్ల ముఖం పాలిపోయింది. ఆ రోజు నన్ను బయట కూర్చోబెట్టి, తనే వాడి ఎదురుగా కూర్చుని ఇరవై చేతులు ఆడింది, ఎంత తరిగిందో చూడటానికి. గంట తర్వాత బయటికొచ్చి నా పక్కన బెంచీ మీద కూలబడింది.

"తరిగింది, సగం పైన. అదొకటి. ఇంకోటి కూడా ఉందమ్మా. నా తప్పు." "ఇరవైలో పదకొండు మధ్యరకం చేతులకి నా మీద బెట్ కట్టారాయన. ఎప్పుడూ చెక్ చేసే మనిషి కదా అని పాతవన్నీ తీసి చూశాను. మీతో ఆడిన రెండు వందల పన్నెండు మధ్యరకం చేతుల్లో ఒక్కసారి కూడా బెట్ కట్టలేదు. ఒక్కసారి కూడా. అది ఆయన ఆడే పద్ధతి అనుకున్నాను."

పేర్రాజు గుమ్మం దగ్గర నిలబడి ఉన్నాడు. "ఎందుకు పేర్రాజుగారూ?" అని అడిగింది.

వాడికి ప్రశ్నే అర్థం కానట్టుంది. "అదేంటండీ డాక్టరుగారూ, వదినగారి మీద బెట్టేంటండీ? పెద్ద చెయ్యి పడితే కట్టేవాణ్ణండి, లేకపోతే ఆవిణ్ణి ఆటలో తక్కువ చేసినట్టవుద్ది. అనుమానంగా ఉన్న చేతికి మాత్రం ఎలా కడతామండీ? అనుమానం వచ్చిన చోట ఇంటి మనిషికి వదిలేయాలి కదండీ."

నఫీసా రెండు చేతుల్తో ముఖం కప్పుకుంది. "మా నాన్న మా అమ్మవైపు వాళ్ళతో క్యారమ్స్ ఆడితే రెడ్ కాయిన్ ఎప్పుడూ వాళ్ళకే వదిలేసేవారు. నాకు తెలిసుండాల్సింది. యంత్రాలన్నీ సరిచూసుకున్నాను గానీ, వదినా మరుదుల్ని ఎదురెదురుగా కూర్చోబెడుతున్నానని చూసుకోలేదు." నా వైపు తిరిగింది. "అమ్మా, ఈ పూస మీకు మధ్యరకం చెయ్యి ఎలా ఆడాలో నేర్పలేదు. మనవాళ్ళు ఎదురుగా ఉండి, సంగతి సగం సగంగా ఉంటే, వాళ్ళ పక్షాన ఆగమని నేర్పింది."

రమణమ్మ బస్సు గుర్తొచ్చింది నాకు. ఉల్లిపాయలు చూడమన్నది నేను కాదు. నా నోటితో పేర్రాజు అన్నాడు ఆ మాట.

సరిచెయ్యడానికి దారి ఒకటే ఉంది. ఇంకో వంద చేతులు. ఈసారి పేర్రాజు ఎదురుగా బయటివాళ్ళు కూర్చుంటారు, నేను పక్క నుంచి చూస్తాను. అలా చేస్తే నా పూస నికరంగా నిలుస్తుంది. వాడిలో మిగిలింది మళ్ళీ ఊరుతుందో, అడుగంటిపోతుందో నఫీసాకి తెలియదు. సగం సగం అంది. ఇక్కడితో ఆపేస్తే వాడిది మెల్లగా తోడుకుంటుంది. నాది ఉన్నది ఉన్నట్టు ఉంటుందో, నెమ్మదిగా జారిపోయి మళ్ళీ వంకాయల ముందు నిలబెడుతుందో, అదీ సగం సగమే.

"నేను చెప్పలేనమ్మా" అంది. "అబద్ధం చెప్పి మీ బరువు తగ్గించనూ లేను."

ఆ గదిలోకే వెళ్ళాం. అవే కుర్చీలు, అదే బల్ల. పేర్రాజు తనంతట తనే పట్టీ తీసి నుదుటికి కట్టుకున్నాడు. "కానిచ్చెయ్యండి డాక్టరుగారూ, ఎవర్నో ఒకర్ని పిలవండి ఎదురుగా కూర్చోడానికి. వదినగారికి దుకాణం ఉందండి, రమణమ్మ ఉంది, హైమ ఉంది. నాకేముందండీ."

"నీకేమీ లేకుండా చేసింది నేనేరా" అన్నాను.

సామర్లకోట మేనమామ సంగతంతా చెప్పాను. కాఫీ గ్లాసు దగ్గర్నుంచి, నేనన్న రెండు వాక్యాల దాకా. ఏడుస్తూ చెప్పలేదు, ఏడిస్తే వాడు ఆపేస్తాడని గట్టిగా పట్టుకుని చెప్పాను.

పేర్రాజు అంతా విన్నాడు. "తెలుసండి" అన్నాడు.

"తెలుసా?"

"ఆ మేనమామగారే పోర్టుకొచ్చి చెప్పారండి, ఆ వారమే. మీ వదిన ఇలా అందయ్యా, అలవాటు మానుకుంటే మళ్ళీ చూద్దాం అని. మీకు అనుమానం వచ్చింది, ఉన్నది చెప్పారు. పేకాడతానన్నది నిజమే కదండీ. నేనే మానలేదు." కొంచెం నవ్వాడు. "తర్వాత రోజూ కూర పొట్లం వచ్చేదండి. అన్నయ్య చేతికి అందేలా పెట్టేది మీరేనని కూడా తెలుసండి. ఆయనకి ముడి వెయ్యడం రాదు కదండీ."

ఇరవై రెండేళ్ళు. ఆ మాట తెలిసి, నా ఎదురుగా కూర్చుని, రెండు వందల పన్నెండుసార్లు అనుమానాన్ని నా పక్షాన వదిలేశాడు. నేను ఒక్కసారి, ఒకే ఒక్కసారి ఆ పని చేసి ఉంటే వాడికి ఈపాటికి పెళ్ళీడు పిల్లలుండేవాళ్ళు.

వాడి ముఖం వంక చూశాను. నుదుట పట్టీ, తీగలు, నెరిసిన మీసం. పధ్నాలుగేళ్ళప్పుడు మారు వడ్డించమని అడగడానికి సిగ్గుపడి కంచం వంక చూసే ముఖమే అది. ఒక పక్క నా దుకాణం, నా చీరలు, నా మిగిలిన బతుకు. ఒక పక్క ఈ మనిషి. లెక్క సమానమే అంటోంది నఫీసా.

బొడ్డు పైన కొంగు లాగినట్టయింది.

చెయ్యెత్తి బల్ల మీద వేలితో రెండుసార్లు తట్టాను.

"చెక్" అన్నాను. "పట్టీ విప్పు నఫీసా."

"వదినగారూ, అది మీ మనసు కాదండి, తప్పు లెక్కండి అది, డాక్టరుగారే చెప్పారు కదండీ, నా అలవాటు మీకు అంటుకుని..."

"నాకు తెలుసు అది నీదేనని. నీదే కాబట్టి నమ్ముతున్నాను. ఇంక నోరు మూసుకుని చెప్పులేసుకో, దుకాణానికి పోదాం."

నఫీసా పట్టీ విప్పుతూ వెక్కివెక్కి ఏడ్చింది. ఆ పిల్లకి ఆ రోజు రెండు గిన్నెల అన్నం నా చేత్తో తినిపించి పంపాను. తను నాకిచ్చింది తక్కువేమీ కాదు. తప్పు పూసైనా, నా జీవితంలో నేను తీసుకున్న ఒకే ఒక్క మంచి నిర్ణయం దాంతోనే తీసుకున్నాను.

ఇది జరిగి తొమ్మిది నెలలు. నా పూస పనిచేస్తూనే ఉంది. కొన్ని రోజులు మందంగా ఉంటుంది. అలాంటప్పుడు రమణమ్మ "పులుసే పెడదాం అమ్మగారూ" అంటుంది, నేను సరేనంటాను. బయటివాళ్ళతో బేరాల్లో ఏమీ పీకదు, ఆ నేర్పు నాకు రాలేదు. హైమ చూసుకుంటుంది. పేర్రాజు మధ్యాహ్నం భోజనానికి ఇంటికే వస్తున్నాడు. మొదటి రోజు, పండగలకి వచ్చినప్పుడు కూర్చునే అలవాటుగా పెరటి అరుగు వైపు వెళ్ళబోతే చెయ్యి పట్టుకుని లాక్కొచ్చి బల్ల దగ్గర కూర్చోబెట్టాను. పెరుగు ముందా పులుసు ముందా అని తేలక కూర్చుండిపోయేవాడు కొన్నాళ్ళు. నేను కలిపి పెట్టేదాన్ని.

నిన్న మధ్యాహ్నం మూడింటికి దుకాణం కట్టేసి వచ్చాక, అదే భోజనాల బల్ల తుడిచి పేకముక్కలు దాని మీద పెట్టాను. కొత్త కట్ట. నేనే కొన్నాను. వాడు కళ్ళు పెద్దవి చేసి చూశాడు.

"కలుపు" అన్నాను.

చింతగింజలు చెరో గుప్పెడు. చాలా చేతులు ఆడాం. వాడు నెమ్మదిగా ఆడాడు, ఒక్కో చేతికి టీ చల్లారిపోయేంత సేపు. అనుమానంగా ఉన్నవాటికి ఎప్పట్లాగే బల్ల తట్టాడు. ఐదు కొట్టే వేళకి నాకు మళ్ళీ తొమ్మిదులు జతపడ్డాయి. బల్ల మీద రాణి, పది, ఆరు, మూడు, రెండు. పేర్రాజు తన ముక్కలు చూసుకున్నాడు. నన్ను చూశాడు. చాలాసేపు చూశాడు. చెయ్యి బల్ల మీదికి వచ్చింది, తట్టడానికి వేలు లేచింది. లేచిన వేలు ఆగింది.

ఆరు గింజలు నా వైపు తోశాడు.

"బెట్టండి, వదినగారూ" అన్నాడు, చాలా మెల్లగా.

నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పెద్ద చెయ్యి పడినప్పుడు వాడి ఎడమ కనుబొమ్మ లేస్తుంది, అది నాకు కంఠతా వచ్చు. ఇప్పుడు లేవలేదు. మధ్యరకం చేతికి, నా మీద, ఇన్నాళ్ళలో మొదటిసారి బెట్ కట్టాడు. నా దగ్గర ఇంక ఒదిగి నడవక్కర్లేదని వాడికి తెలిసినట్టుంది. నా పూస కూడా తన పని తను చేసింది. నా తొమ్మిదులు రెండూ బోర్లా పెట్టి, చూపించకుండా కట్టలో కలిపేశాను.

"నీదే, తీసుకో" అన్నాను.

వాడు గింజలు దగ్గరికి లాక్కోలేదు. నా వంకే చూస్తున్నాడు. ఆ చూపు ఆ గదిలో నేను వారాల తరబడి చదివిన చూపు, మధ్యలో నెలల తరబడి కనిపించకుండా పోయిన చూపు.

"వదినగారూ" అన్నాడు. "మీరు గెలిచే ముక్కలు పారేశారండి."

"నీకెలా తెలుసు? చూశావా?"

"చూళ్ళేదండి."

"మరి?"

పేర్రాజు చెయ్యి పొట్ట మీదికి వెళ్ళింది. పోయిన వస్తువు జేబులో దొరికినవాడిలా అక్కడే ఉంచుకున్నాడు.

"పీకిందండి" అన్నాడు.

ఆ ఆరు గింజలూ నేనే వాడి వైపు జరిపాను. తర్వాత కట్ట వాడి ముందుకి తోసి, ఇంకో చెయ్యి వెయ్యమన్నాను.